అద్భుతకథల క్రొత్త మజిలీలు

మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీకథలు పండ్రెండు భాగములుగా వెలసినవి. అంత పెద్ద గ్రంథమునకు ఆధారమైన పన్నుగడ మాత్రము మిక్కిలి చిన్నది. కాలినడకను కాశికి పోదలచిన మణిసిద్ధుడను యతికి త్రోవలో తోడు కావలసివచ్చెను. తోడు వచ్చుట కొప్పుకొన్న గొల్లపిల్లవాడు ఒక్క నియమము పెట్టెను. మజిలీ మజిలీకిని తాను చూచిన వింతను గూర్చి అడుగుదును, దానికి తగిన కథ చెప్పవలెను, చెప్పలేనినాడు అచ్చటినుండియే ఇల్లు చేరుదును అని. కథ లేనిదే వానికి కాలు కదలదు.

అమీరుపేటనుండి రాయదుర్గమునకు పోవు మెట్రోబండిలో ఉదయము తొమ్మిదిగంటలవేళ నిలుచుండి ప్రయాణము చేయు పడుచువారిని చూచినచో ఆ గోపకుని సంతతి క్షీణింపలేదని తెలియగలదు. 2019వ సంవత్సరము మార్చినెలలో ఆ దారి హైటెక్ సిటీ వఱకు తెఱవబడెను, నవంబరులో రాయదుర్గము వఱకు సాగెను. యూసఫ్‌గూడ, పెద్దమ్మగుడి, మాదాపురము, దుర్గంచెఱువు అని మజిలీలు వరుసగా వచ్చుచుండగా ఒకరు చేతిలోని ఫోనునందు క్రికెట్టు చూతురు, ఒకరు ఆఫీసు ఉత్తరములు చూతురు, ఇంకొకరు తెలుగుకథ చదువుదురు. ఈ మూడవవారు తక్కువవారే యగుదురు గాక. వారి చేతిలోనికి ఆ కథ ఏ త్రోవను వచ్చినది, త్రోవలో ఏమేమి జాఱిపోయినది, అను సంగతి విచారింపదగియున్నది. ముఖ్యముగ నేను అద్భుతకథలను గూర్చి చెప్పదలచితిని. అనగా ఉన్న లోకమును విడిచి, ఉండదగిన లోకమునో ఉండరాని లోకమునో ఊహించి చెప్పు కథలు. నేడు సైన్సుఫిక్షను అనబడునది ఈ కుటుంబములోని యొక శాఖ.

ఈ జాతి మనకు పరాయిది అనువారు కలరు. ఆ మాట చెల్లదు. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన కళాపూర్ణోదయమునందు బ్రహ్మ సరస్వతికి వినోదార్థమై చెప్పిన కథ భూలోకమున జరిగితీరును. చెప్పుట ముందు, జరుగుట వెనుక. రూపములు మార్చుకొనుట, ఒకరినిబోలిన వారింకొకరు ఎదురగుట, కాలము తలక్రిందగుట, ఇవన్నియు ఆ కావ్యమున నున్నవి. ఐనను పద్యమును విడిచి వచనమున, దేవతలను విడిచి మనుష్యుల నడుమ, అద్భుతమును సంఘవిమర్శకు పనిముట్టుగా చేసిన కీర్తి కందుకూరి వీరేశలింగము పంతులుగారిది. 1890వ దశకమున వారు వ్రాసిన సత్యరాజా పూర్వదేశయాత్రలు స్విఫ్టు రచించిన గల్లివరు యాత్రలకు (1726) ఋణపడినదే. కాని ఋణము తెచ్చిన సొమ్ముతో ఆయన కట్టినది మన వాకిటి ఇల్లు. సత్యరాజు చేరిన ఆడుమళయాళమున స్త్రీలు ఏలుదురు, పురుషులు ఇంటిపట్టున అణగియుందురు. మన యిండ్లలో ఆడువారిని గూర్చి ఏ నీతులు చెప్పబడుచుండెనో ఆ నీతులే అచ్చట మగవారి నెత్తిన పడును. ఉపన్యాసమున చెప్పినచో కొట్టవచ్చెడివారు కథయందు చదివి నవ్విరి. నవ్విన పిమ్మట ఇంటికి పోయి భార్యమొగము చూడక తప్పదు గదా.

ఇట్టి యూహ ఇంకొక చోట పుట్టుటకు మఱి కొన్నియేండ్లు పట్టెను. బంగాళదేశమునకు చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్ అను విదుషి ఇంగ్లీషున వ్రాసిన సుల్తానాస్ డ్రీమ్ అను కథ 1905లో మదరాసునందు కమలా సత్యనాథన్‌గారు నడిపిన ఇండియన్ లేడీస్ మాగజైన్‌లో వెలువడెను. అందును పురుషులే పరదాలో నుందురు. స్త్రీలు శాస్త్రజ్ఞులై సూర్యుని వేడిమిని పట్టి పనులు చేయింతురు, మేఘములనుండి నీరు రాబట్టుదురు. నేడు ప్రపంచమంతటను అద్భుతకథాసంకలనములలో ఆమె కథ కనబడుచున్నది. అంతకు పదియేండ్లకు పైగా ముందు వెలసిన సత్యరాజును మన పట్టభద్రులలో చదివినవా రెందఱు? దొరకకపోవుట యొక కారణము. ఉన్నదని తెలియకపోవుట అంతకంటె పెద్ద కారణము.

హైదరాబాదునకు వత్తము. 1901వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఇచ్చట స్థాపితమయ్యెను. తెలుగు చదువుకు రాజాదరణము లేని నైజాము రాజధానిలో తెలుగుపుస్తకము దొరకు చోటొకటి ఏర్పడుట చిన్నవిషయము కాదు. దాని స్థాపకులలో నొకరైన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు 1906లో ఈ నగరముననే విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. పిమ్మట అది మదరాసునకు తరలిపోయెను. జీవచరిత్రములు, దేశచరిత్రములు, రసాయనశాస్త్రము, జీవశాస్త్రము మొదలగునవి సులభమైన తెనుగు వచనమున ముద్రించి చౌకగా నందించుట ఆ మండలివారి పూనిక. నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చుటయు వారు చేసిరి. శాస్త్రమును కథయు ఒక్క చూరుక్రింద నుండవలెనని తలచినవారు మాదాపురము బండలు పగులగొట్టుటకు తొంబదియేండ్లకు ముందే ఈ నగరమున నుండిరి.

లక్ష్మణరావుగారి అక్కగారే భండారు అచ్చమాంబగారు. బడికి పోక, తమ్మునితో కూడ ఇంటనే చదువు నేర్చి, ముప్పదియొక్క యేట 1905లో కాలము చేసిరి. ఆమె ధనత్రయోదశి యను కథ 1902లో హిందూసుందరి పత్రికయందు వెలువడెను. గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు 1910లో ఆంధ్రభారతియందు వెలువడినది. తొలి తెలుగుకథ దిద్దుబాటే యని చిరకాలము పాఠములలో చెప్పుచువచ్చిరి. ఏది తొలిది అను వాదము తెగినను తెగకున్నను నా కంతగా పట్టదు. పాతపత్రికల కట్టలు విప్పి చూచువారు లేనంతకాలము ఒక ఆడుది వ్రాసిన కథ లెక్కలోనికే రాకపోయెను. నాకు పట్టినది ఆ విషయము.

నడిమి యైదు దశాబ్దములను త్వరగా దాటెదను. విశ్వనాథ సత్యనారాయణగారి హాహాహూహూ నవలలో ఒక గంధర్వుడు లండను నగరమధ్యమున వచ్చిపడును. తెల్లవారి పాండిత్యము ఆతని ముందు నిలువదు. 1947 జూలైలో మదరాసున పుట్టిన చందమామ ఇంటింటి అద్భుతకథాలయ మయ్యెను. 1954లో తోకచుక్కతో మొదలిడి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గము మొదలగు ధారావాహికలు తరములకొలది పిల్లలను నెల యెప్పుడు మాఱునా యని కాచుకొనునట్లు చేసెను. వానిని వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు వానిపై ముద్రింపబడలేదు. చదివిన పిల్లలు పెద్దవారై, ఉద్యోగములకై దేశదేశములకు పోయి, అంతర్జాలమున ఒకరినొకరు కనుగొని, మన కా కథలు వ్రాసినవారెవరు అని వెదకి ఆ పేరును వెలికి దెచ్చిరి. 2010 జనవరిలో ఆయన కన్నుమూసిరి. వారపత్రికల కాలమున యండమూరి వీరేంద్రనాథ్, మైనంపాటి భాస్కర్ మొదలగువారు శాస్త్రమును కలిపిన నవలలు వ్రాసి లక్షలమందిచేత చదివించిరి. 1924లో మొదలైన భారతి 1991లో నిలిచిపోయెను. చందమామ యాజమాన్యము 2007లో చేతులు మాఱి, కొన్నియేండ్లకు అచ్చువేయుటయు ఆగిపోయెను. పత్రిక పోయిన కథకు నిలువనీడ యేది?

1998వ సంవత్సరమును తెలుగువారు రెండు కారణములచేత జ్ఞాపకముంచుకొనవలెను. మొదటిది అందఱెఱిగినదే. నవంబరు 22వ తేదీని అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. అంతకు నెలదినములకు కొంచెము ముందు, దీపావళికి, అమెరికాలోని కొందఱు తెలుగువారు ఈమాట అను పత్రికను కాగితము లేకయే ప్రారంభించిరి. ఆ సంవత్సరముననే గచ్చిబౌలియందు ట్రిపుల్ ఐటీ యనబడు విద్యాసంస్థయు వెలసెను. అంతకు ముందటి యేడు, 1997 ఫిబ్రవరి 22వ తేదీని, శ్రీకాకుళమున కాళీపట్నం రామారావు మాస్టరుగారు తెలుగుకథకొఱకే కథానిలయమను గ్రంథాలయమును స్థాపించి యుండిరి. ఒకచోట అద్దపుమేడ, ఒకచోట అచ్చులేని పత్రిక, ఒకచోట పాతపత్రికల బీరువాలు. ఈ మూడును ఒకదాని నొకటి ఎఱుగక పుట్టినవి. ఇప్పుడు ఫోనున తెలుగుకథ చదువువాడు ఈ మూటికిని ఋణపడియున్నాడు.

ఐతే నడుమ పెద్ద అడ్డు ఒకటి యుండెను. అది లిపి. తొంబదవ దశకపు ఆదియందు కంప్యూటరున తెలుగు వ్రాయుట ఎట్లో తెలియక, హ్యూస్టను నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన కన్నెగంటి రామారావుగారు, ఆనంద కిశోర్‌గారు ఒక పద్ధతి కల్పించిరి. తెలుగుమాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయవలెను. చిన్నబడి అక్షరము వ్రాసిన తకారము, పెద్దబడి అక్షరము వ్రాసిన టకారము. అలవాటు లేనివారికి అది గారడివలె తోచును. కాని తొలినాళ్ల తెలుగు అంతర్జాలసాహిత్యమునకు ఆ గారడియే ఆధారము. పిదప దినపత్రికలు అంతర్జాలమున ప్రవేశించెను. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు. ఒకరి ఫాంటు లేనివాని కంప్యూటరున వారి పత్రిక యంతయు పిచ్చిగీతలుగ కనబడెడిది. ఒకరి లిపిలో వెదకిన మాట ఇంకొకరి పుటలో దొరకదు. ఒకే భాషకు పది పలకలు, పదింటను పది ఓనమాలు!

దీనికి మందు అప్పటికే సిద్ధమైయుండెను. 1991లో వెలువడిన యూనికోడు అను ప్రపంచలిపుల పట్టికలో తెలుగునకు 128 గళ్ళు కేటాయింపబడెను. ప్రతి అక్షరమునకు ఒక్క సంఖ్య. ఆ సంఖ్య ఏ దేశమున, ఏ యంత్రమున చూచినను ఆ అక్షరమునే తెలుపును. కాని మన లిపియందు అక్షరము లిచ్చినంత మాత్రమున పని తీఱదు. కకారము, పొల్లు, షకారము వరుసగ వచ్చినప్పుడు మూడింటిని మూడుగ చూపక క్షకారముగ కూర్చవలెను. ఒత్తు క్రిందికి, గుడి పైకి పోవలెను. ఈ కూర్పు యంత్రమునకు నేర్పుటకు పదియేండ్లు పట్టెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చెను. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంటులు చేసి ఉచితముగా పంచిరి. వెన్న నాగార్జునగారు 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిరి. పత్రికల పాత ఫాంటులను యూనికోడుగ మార్చు పద్మ అను సాధనమును చేసినవారు కూడ వీరే. 2006లో వీవెన్ అను పేర ప్రసిద్ధులైనవారు లేఖినిని చేసిరి. ఇంగ్లీషు మీటలు నొక్కగా ఎదుట తెలుగు వచ్చును. నేర్పువా రక్కఱలేక ఒక్కసాయంకాలమున గృహిణులు సైతము వ్రాయ నేర్చిరి.

ఇచ్చట నొకమాట. తెలుగుకథకు అంతర్జాలమున దారి వేసినవారు జీతము పుచ్చుకొని ఆ పని చేసినవారు కారు. పగలు ఇంకొక కొలువు చేసి, రాత్రి కన్నులు కాయలు కాయునట్లు ఈ పని చేసిరి. సైబరాబాదు అద్దపుమేడలలో లోకములోని భాషలన్నింటికి యంత్రములు సిద్ధమగుచుండగా, తెలుగునకు మాత్రము సెలవుదినపు శ్రమయే దక్కెను. తరువాత ప్రభుత్వాదరముతో క్రొత్త ఫాంటులు వచ్చినవి. వానికి గిడుగు, గురజాడ, సురవరము, సూరన్న, పెద్దన, తిమ్మన అని పేర్లు పెట్టిరి. గ్రాంథికవాదులను ఎదిరించిన గిడుగువారి పేరిట అక్షరములలో గ్రాంథికభాషను కూడ కూర్పవచ్చును. ఆయన చూచినచో నవ్వుకొనెడివారు.

ఇక పుస్తకముల సంగతి. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారమందిన రాజ్ రెడ్డిగారు, అమెరికాలోని కార్నెగీమెలన్ విశ్వవిద్యాలయమునుండి పదిలక్షల పుస్తకములకు ఛాయాచిత్రములు తీసి లోకమునకు ఉచితముగా అందింపవలెనను సంకల్పమును నడపిరి. మనదేశమున దానిని భారతీయ డిజిటల్ గ్రంథాలయమని పిలిచిరి. ట్రిపుల్ ఐటీ దానికొక ముఖ్యకేంద్రము. అఫ్జల్‌గంజులోని రాష్ట్ర కేంద్రగ్రంథాలయము మొదలగుచోట్ల బీరువాలలో మగ్గుచుండిన తెలుగుపుస్తకములు వేలకొలదిగ పుటపుటయు చిత్రితమయ్యెను. తాతలనాటి నవలలు, ఆగిపోయిన పత్రికలు, స్త్రీల రచనలు, పేరైనను వినని అనువాదములు. నిజముగ మణిసిద్ధుని జోలె.

కాని జోలెలో చేయిపెట్టిన ఏది తగులునో తెలియదు. ఛాయాచిత్రములకు శ్రద్ధపెట్టిరి గాని పట్టికకు పెట్టలేదు. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరములతో ఎవరికి తోచినట్లు వారు వ్రాసిరి; దీర్ఘములు హ్రస్వములై, గ్రంథకర్త పేరు గ్రంథనామమై, కొన్ని పేర్లు చదువుటకే రాకుండెను. 2014 ప్రాంతమున తెలుగు వికీపీడియా కార్యకర్తలు పూనుకొని ఆ పేర్లను తెలుగున సరిగా వ్రాసి పట్టికలు కూర్చుటచేత ఎన్నియో పుస్తకములు మరల జన్మించెను. వానరసేన ఱాళ్ళు మోసినట్టి పని అది. పిమ్మట 2017 ప్రాంతమున ఆ గ్రంథాలయపు తలుపులే పాఠకులకు మూయబడెను. గ్రంథస్వామ్యపు చిక్కులు కారణముగ చెప్పబడెను. అదృష్టవశమున అందలి పుస్తకములకు ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవునకు అప్పటికే చేరియుండెను. నేడు గచ్చిబౌలిలో కూర్చున్నవాడు తన యింటికి నాలుగు మైళ్ళలో చిత్రితమైన పుస్తకమును శాన్‌ఫ్రాన్సిస్కోనుండి తెప్పించుకొని చదువుచున్నాడు. అచ్చుపుస్తకము తాళపత్రముకంటె గట్టిదని, అంతర్జాలము అచ్చుకంటె గట్టిదని తలచువారు ఈ కథను మఱవరాదు.

గ్రంథస్వామ్యమనగా చులకన చేయువారు చదువరులలో హెచ్చుగ నున్నారు. మన చట్టము ప్రకారము కర్త మరణించిన యేటి మఱుసటి సంవత్సరారంభమునుండి అఱువదియేండ్లు అతని హక్కు నిలుచును. వీరేశలింగముగారు 1919లో, గురజాడవారు 1915లో, అచ్చమాంబగారు 1905లో గతించిరి గావున వారి రచనలు ఎల్లరి సొత్తు. విశ్వనాథవారు 1976లో గతించిరి. 2036వ సంవత్సరాంతము వఱకు వారి రచనలు వారసులవి. బ్రదికియున్న రచయిత పుస్తకమును ఫోనునుండి ఫోనునకు ఉచితముగా పంపి, భాషాసేవ చేసితి ననుకొనుట వింత. కాఫీకి వందరూపాయ లిచ్చి, కథకు పైసా యీయని సంస్కారమును ఏ శాస్త్రము సమర్థించునో నే నెఱుగను.

ఇప్పుడు దొరకు కథల యోగ్యత యెట్టిది? ఈమాట పాతసంచికలన్నియు తెఱచియే యున్నవి. 2007లో మొదలైన కౌముది, 2013లో మొదలైన సారంగ మొదలగు పత్రికలు విరివిగ కథలు ప్రకటించినవి. కథానిలయమువారు తమ బీరువాలలోని కథలను అంతర్జాలమున నుంచిరి. అమెరికాలో కంప్యూటరుశాస్త్రము బోధించిన ఆచార్య వేమూరి వేంకటేశ్వరరావుగారు వైజ్ఞానికకథలను తేటతెనుగున వ్రాసిరి. వైద్యులైన చిత్తర్వు మధుగారి కుజుడి కోసం మొదలగు మూడు నవలలు సంచిక యను అంతర్జాలపత్రికయందు ధారావాహికలుగ వచ్చినవి. కన్నులు మసకబాఱిన పెద్దలకును, వంటయింట చేతులు తెఱపిలేని స్త్రీలకును చదివి వినిపించు దాసుభాషితము వంటి సంస్థలును కలవు. వినుటకు కన్నులును చేతులును అక్కఱలేదు గదా. మజిలీకథలు మొదట వినుటకే పుట్టినవి.

ఐనను నా కొక అసంతృప్తి కలదు. ఈ కాలపు కంప్యూటరు ఉద్యోగులు వ్రాయు కథలలో రాత్రికొలువు, ఉద్యోగము ఊడుట, విదేశపు వీసా, పొసగని పెండ్లి, ఇవి తఱచు కనబడును. ఇవి నిజములే, వ్రాయదగినవే. కాని యంత్రమునకు బుద్ధి చెప్పుటయే వృత్తిగా గలవారు, ఆ యంత్రము రేపు మన యింటిలో ఏ పీటపై కూర్చుండునో ఏల యూహింపరు? ఊహించినవారిలోను పెక్కురు ఇంగ్లీషు చలనచిత్రములలోని ఆకాశనౌకలకు తెలుగుపేర్లు పెట్టి తృప్తిపడుచున్నారు. వీరేశలింగముగారి మార్గము అది కాదు. ఆయన ఒక్క ఊహను మాత్రము చేసెను: ఆడువారు ఏలిన నేమగును? తక్కినదంతయు పొరుగింట చూచినదే. వధువు జాతకముతోపాటు ఆమె జీతపుచీటిని కూడ యంత్రమే తూచి వరుని నిర్ణయించు ఊరొకటి కలదనుకొనుడు. కథకు అంతకంటె వేఱు నౌక అక్కఱలేదు.

వెదకువారికి ఒకటి రెండు సూచనలు చేసెదను. ఛాయాచిత్రములుగ నున్న పాతపుస్తకముల లోపలి మాటలు వెదకిన దొరకవు. యంత్రమునకు అది పుస్తకము కాదు, బొమ్మ. యంత్రముచేత చదివించినను పాత అచ్చులోని ఱకారమును, అరసున్నను, అరిగిన ఒత్తులను అది పొరపడుచునే యున్నది. కావున పేరును రెండుమూడు వర్ణక్రమములతో వెదకవలెను. పత్రిక పేరు, సంవత్సరము తెలిసినచో వానితో వెదకవలెను. దొరకినదానిని దాచుకొనుట మఱవరాదు.

బొమ్మను మరల అక్షరముగ మార్చు పని తెలుగు వికీసోర్సునందు జరుగుచున్నది. ఒక ప్రక్క పాతపుట ఛాయాచిత్రము, ఒక ప్రక్క టైపుచేసిన మాటలు. ఒకరు దిద్దినచో ఆ పుట పసుపువన్నె తాల్చును. వేఱొకరు మరల సరిచూచినప్పుడే ఆకుపచ్చనగును. తాను దిద్దినదానిని తానే పచ్చచేసికొనుటకు వీలులేదు. దిద్దనివి ఎఱ్ఱగనే యుండును. ఒక పుటకు పావుగంట పట్టవచ్చును. అమీరుపేటనుండి రాయదుర్గము చేరులోపల ఒక పుట ముగియును. ఎఱ్ఱపుటలు ఇంకను వేలకొలది యున్నవి.